మిర్చి అడ్తి దుకాణానికి వెబ్ అప్లికేషన్: సీసైడా, టీపాటా, రెండూ వద్దా?

యార్డు_లెక్కలు
ఏనుమాముల మార్కెట్లో తెలిసిన అడ్తి (కమీషన్) వ్యాపారి ఒకరు దుకాణం లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించే అప్లికేషన్ చేసిపెట్టమని అడిగారు. రైతు తెచ్చిన బస్తాలు, కాంటా బరువు, పలికిన ధర, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాడు) ఖర్చులు, కమీషన్, ముందే ఇచ్చిన అప్పు, కోల్డ్ స్టోరేజీలో ఎవరివి ఎన్ని బస్తాలు ఉన్నాయి, ఇవీ కావలసినవి. దుకాణంలో రెండు కంప్యూటర్లు. యజమాని, ఆయన కొడుకు ఫోన్లలో చూస్తారు.

నేను ఫారో నేర్చుకున్నాను, స్మాల్‌టాక్ భాషలో అదొక రకం. ఫ్రాన్స్ పరిశోధన సంస్థ ఇన్రియా వాళ్ల ఉచిత పాఠాలు పూర్తయ్యాయి. ఈ పని స్మాల్‌టాక్‌లోనే చేయాలని ఉంది. తీరా వెతికితే వెబ్ పనికి సీసైడ్, టీపాట్, ఐడా, జింక్ అని ఒక వరుస. డేటా దాచడానికి గ్లార్ప్, వాయేజ్, పీ3, జెమ్‌స్టోన్ అని ఇంకో వరుస. ఎవరి పేజీ తెరిచినా తమదే మేలని రాసుకున్నారు. నిజంగా వాడినవాళ్లు చెప్పండి. "వేరే భాషలో చెయ్యి" అనే సలహా మాత్రం వద్దు, అది ఇంట్లో రోజూ వింటున్నాను.

కాజీపేట_జంక్షన్
వద్దన్నావు కాబట్టి ఒక్కసారి చెప్పి ఊరుకుంటాను. హన్మకొండలో జావా, పైథాన్ వచ్చినవాళ్లు గల్లీకి ఇద్దరు దొరుకుతారు. రేపు నీకు హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే ఆ వ్యాపారి ఎవరి గుమ్మం తొక్కాలి? నీ సరదాకు ఆయన డబ్బు.

సకినాలు
ఒక్కసారి చెప్పి ఊరుకుంటానన్నవాళ్లు ఈ వేదికలో ఇంతవరకు ఎవరూ ఊరుకోలేదు.

రామప్ప_ఇటుక
సీసైడ్. ఎందుకో చెబుతాను.

ఏవీ బ్రయంట్, జూలియన్ ఫిట్జెల్ కలిసి 2002లో మొదలుపెట్టారు దీన్ని. మామూలు ఫ్రేమ్‌వర్కుల్లో పేజీకో చిరునామా, చిరునామాకో ఫంక్షన్, ఫారంలోంచి వచ్చిన విలువలను ఒక్కొక్కటిగా ఏరుకోవడం. సీసైడ్‌లో ఆ చాకిరీ లేదు. బటన్ గీసిన చోటే బ్లాక్ రాస్తావు, నొక్కగానే ఆ బ్లాక్ నడుస్తుంది. ఒక కాంపొనెంట్ ఇంకోదాన్ని "కాల్:" అని పిలిస్తే అది పేజీలో దీని స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది. పని అయ్యాక "ఆన్సర్:" అని విలువ ఇచ్చి తప్పుకుంటుంది.

నీ తక్‌పట్టీనే, అంటే రైతుకు ఇచ్చే లెక్క చీటీనే తీసుకో. రైతును ఎంచు, లేకుంటే కొత్తగా చేర్చు, బస్తాల బరువులు ఎక్కించు, పాత బాకీ ఉంటే అందులో ఎంత పట్టుకోవాలో అడుగు, సరిచూడు, ముద్రించు. ఇదంతా ఒక టాస్క్‌లో పైనుంచి కిందికి చదువుకునేలా రాసుకోవచ్చు. మధ్యలో "బాకీ లేకుంటే ఈ మెట్టు దాటెయ్యి" అనాలంటే మామూలు షరతు ఒకటి చాలు.

ఇంకొకటి. ముద్రించాక గుమాస్తా బ్రౌజర్లో వెనక్కి బాణం నొక్కి మళ్లీ ముద్రిస్తాడు, ఇది ప్రతి దుకాణంలో జరిగేదే. సీసైడ్‌లో ఆ మెట్లను "ఐసొలేట్:" లోపల పెడితే, ఒకసారి దాటిన తర్వాత వెనక్కి వచ్చినా పాత పేజీ పనిచేయదు. ఒకే సరుకుకు రెండు తక్‌పట్టీలు పడవు.

డీబగ్గర్ సంగతి తెలిసే ఉంటుంది. పేజీలో తప్పు వస్తే ఇమేజిలో (కోడ్, ఆబ్జెక్టులు అన్నీ కలిసి ఉండే ఫారో ఫైలు) డీబగ్గర్ తెరుచుకుంటుంది, అక్కడే మెథడ్ సరిచేసి ముందుకు పంపితే బ్రౌజర్లో ఆగిన పేజీ కదులుతుంది. ఒకసారి ఆ అలవాటు పడినవాడు మళ్లీ లాగ్ ఫైళ్లు తవ్వుకోలేడు.

మానేరు_తీరం
ఇటుక గారు చెప్పినది కౌంటరు మీద కూర్చున్న గుమాస్తాకు సరిపోతుంది. ఫోను పట్టుకున్న యజమానికి సరిపోదు.

సీసైడ్ సెషన్ మొత్తం సర్వర్ జ్ఞాపకంలో ఉంటుంది. యజమాని పేజీ తెరిచి ఫోను జేబులో వేసుకుంటాడు, భోజనం చేసి వచ్చి చూస్తాడు, సెషన్ గడువు తీరిపోయి ఉంటుంది. గడువు పెంచుకోవచ్చు, కానీ పెంచినకొద్దీ వదిలేసిన సెషన్లు జ్ఞాపకాన్ని ఆక్రమిస్తాయి. సర్వర్ ఒకసారి ఆగి లేచినా అంతే, సగం నింపిన ఫారాలన్నీ పోయినట్టే.

అంతకంటే చికాకు యూఆర్‌ఎల్. మామూలుగా సెషన్ కీ యూఆర్‌ఎల్‌లోనే ప్రయాణిస్తుంది. యజమాని ఆ లింకును వాట్సాప్‌లో బావమరిదికి పంపితే? గడువు తీరేలోపు నొక్కితే బావమరిది నేరుగా ఈయన సెషన్‌లోకే దిగుతాడు. కుకీలోకి మార్చుకునే వీలుంది, మార్చుకోవాలని ముందు తెలియాలి.

నేనైతే టీపాట్ తీసుకుంటాను. జింక్ అనే వెబ్ సర్వర్ లైబ్రరీ మీద పలుచని పొర, అంతే. "ఈ దారికి ఈ జవాబు" అని వరుసగా రాసుకుంటూ పోవడమే. జవాబు బ్లాక్ కావచ్చు, ఉత్త వాక్యమైనా కావచ్చు. పేజీల అచ్చులకు మస్టాష్, జేసన్ రూపంలో డేటా పంపడానికి నియోజేసన్. ప్రతి పేజీకి నిలిచి ఉండే చిరునామా ఉంటుంది, దాచుకోవచ్చు, పంపుకోవచ్చు, లాగిన్ లేనివాడికి తెరుచుకోదు.

రామప్ప_ఇటుక
మేడమ్, లింకుల భయం ఉన్నవాళ్లకు సీసైడ్‌లోనే రెస్ట్ ప్యాకేజీ ఉంది. చూసే పేజీలు దానిలో, చేసే పేజీలు కాంపొనెంట్లలో. రెండు సంసారాలు ఎందుకు?

మానేరు_తీరం
చూసే పేజీల కోసం అంత బరువు ఎందుకు మోయాలన్నదే నా ప్రశ్న. టీపాట్ మొత్తం కోడ్ ఒక సాయంత్రం కూర్చుని చదివేయవచ్చు. సీసైడ్ అలా చదివేదేనా?

సకినాలు
ఇటుక తేలికదే కదా మేడమ్, రామప్ప గుడి మీదది నీళ్లలో తేలుతుంది. బరువంతా సీసైడ్‌దే.

బండ్_మీద_వాకింగ్
ఇద్దరూ ఫ్రేమ్‌వర్క్ గురించి కొట్టుకుంటున్నారు, డేటా మాట ఎవరూ ఎత్తలేదు. నా లెక్కలో ఒక్క దుకాణానికి డేటాబేసే వద్దు. ఆబ్జెక్టులన్నీ ఇమేజిలోనే ఉంటాయి. గంటకోసారి ఇమేజి సేవ్ చేస్తే పోయె. పట్టికలు లేవు, మ్యాపింగ్ లేదు. మా బంధువుల ఎరువుల దుకాణం అలాగే నడుస్తోంది.

ఓరుగల్లు_కోడర్
వాకింగ్ అన్నా, ఆ ఎరువుల దుకాణానికి ఇన్వర్టర్ ఉండి ఉండాలి.

ఇమేజి సేవ్ అంటే ఉన్న ఫైలు మీదే కొత్తది రాయడం. సగం రాసేసరికి కరెంటు పోతే ఆ ఫైలు తెరుచుకోకపోవచ్చు. పక్కన ఉండే చేంజెస్ ఫైలు ఆదుకుంటుందని చాలామంది ధీమా. అది దాచేది నీవు రాసిన కోడ్ మార్పులను. రైతుల బాకీలు అందులో ఉండవు. అంటే ప్రోగ్రాం తిరిగొస్తుంది, డబ్బు లెక్క రాదు. గంటకోసారి సేవ్ అంటే గంట లెక్క పోవడానికి ఒప్పుకున్నట్టే. మార్చి నెలలో మిర్చి యార్డులో గంట అంటే ఏమిటో యార్డు తమ్ముడిని అడగండి.

లెక్కలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉండాలి, ఇమేజి ఎప్పుడు పారేసినా మళ్లీ కట్టుకోగలగాలి. ఫారోను దానితో కలపడానికి పీ3 చాలు. జింక్, నియోజేసన్ రాసిన స్వెన్ వాన్ కేకెన్‌బర్గేదే ఇదీ. పూర్తిగా స్మాల్‌టాక్‌లో రాసినది, బయటి సీ లైబ్రరీ అవసరం లేదు. గ్లార్ప్ మంచిదే కానీ ప్రతి తరగతికి ఏ పట్టిక, ఏ గడి అని వర్ణన రాయడం పెద్ద పని. పదో పన్నెండో పట్టికలకు ఎస్‌క్యూఎల్ చేత్తో రాసుకోవడమే తొందరగా తెములుతుంది. వాయేజ్ రాయడానికి హాయిగా ఉంటుంది, కానీ అది ప్రధానంగా మాంగోడీబీ అనే వేరే డేటాబేస్ కోసం. బాకీ తగ్గి, తక్‌పట్టీ పడి, బస్తాల లెక్క మారడం మూడూ ఒకేసారి జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. అలాంటి చోట నేను పోస్ట్‌గ్రెస్ వదలను.

బండ్_మీద_వాకింగ్
ఆబ్జెక్టులను అలాగే ఉంచుతూ లావాదేవీలు కూడా కావాలంటే జెమ్‌స్టోన్ అనే ఆబ్జెక్టు డేటాబేస్ ఉంది. సీసైడ్ దానిమీద నడుస్తుంది, ఆ కూర్పుకు గ్లాస్ అని పేరే ఉంది. పరిమితులతో ఉచిత లైసెన్సు ఇస్తారు. ఇన్వర్టర్ సంగతి మా వాళ్లను అడుగుతాను.

ఓరుగల్లు_కోడర్
జెమ్‌స్టోన్ పెద్ద సంస్థలు వాడేది, గట్టిదే, కాదనను. ఒక అడ్తి దుకాణానికి దాన్ని ఎవరు చూసుకుంటారు? కాజీపేట అన్న ప్రశ్న అక్కడ ఇంకా గట్టిగా తగులుతుంది.

కాజీపేట_జంక్షన్
నేను మాట్లాడకపోయినా నన్ను లాగుతున్నారు, రాసి పెట్టుకోండి.

దడ్వాయి_మనుమడు
మా తాత ఈ యార్డులోనే తూకం వేసేవాడు, అందుకని లెక్క గురించి రెండు మాటలు.

స్మాల్‌టాక్‌లో భిన్నాలు భిన్నాలుగానే ఉంటాయి. ఒకటిని మూడుతో భాగిస్తే మూడో వంతే వస్తుంది, 0.3333 రాదు. దశాంశాలకు స్కేల్డ్‌డెసిమల్ ఉంది. క్వింటాలు ధరను కిలోల బరువుతో గుణించేచోట ఫ్లోట్ (ఉజ్జాయింపు దశాంశం) వాడకండి, ఇవి ఉండగా ఆ అవసరమే లేదు.

కానీ ఒక ఉచ్చు ఉంది. స్కేల్డ్‌డెసిమల్ రెండు అంకెలు చూపిస్తుందే తప్ప లోపల పూర్తి భిన్నాన్ని దాచుకుంటుంది. మూడో వంతును రెండంకెలకు పెడితే 0.33 అని కనబడుతుంది. దాన్ని మూడుసార్లు కూడితే 0.99 రాదు, 1.00 వస్తుంది. గణితంగా అదే సరి. కాగితం మీద మాత్రం రైతు పైన ఉన్న మూడు వరుసలు కూడి, కింద మొత్తం వేరే ఎందుకుందని అడుగుతాడు. పైసా తేడాకు కూడా అడుగుతాడు, అడగాలి కూడా. ప్రతి వరుసనూ ముందే పైసలకు "రౌండ్‌టు:" చేసి, ఆ తర్వాత కూడండి. మొత్తం తేల్చాక రౌండ్ చేయడం కాదు.

తరుగు ఎక్కడ తీస్తారో, బస్తా మీదా మొత్తం బరువు మీదా అన్నది కూడా ముందే యజమాని నోట చెప్పించుకోండి. ప్రోగ్రాం తప్పనుకునే తగాదాల్లో సగం దాని దగ్గరే పుడతాయి.

యార్డు_లెక్కలు
మనుమడు అన్నా, ఇది ఏ పాఠంలోనూ లేదు. రూపాయలను 12,34,567 అని చూపించడానికి ఏదైనా లైబ్రరీ ఉందా?

దడ్వాయి_మనుమడు
దానికి లైబ్రరీ ఎందుకు? ఇంటీజర్ తరగతికే నీ ప్యాకేజీ తరఫున ఒక మెథడ్ చేర్చు. చివరి మూడు అంకెలు విడిచి, మిగతావి రెండేసి చొప్పున కామా. స్మాల్‌టాక్ ఎంచుకున్నందుకు దొరికే సుఖం అదే కదా.

జమ్మికుంట_పత్తి
పక్క ప్రశ్న. ఈ-నామ్ (కేంద్రం ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్) 2016 నుంచి ఉంది కదా, మళ్లీ ఈ అప్లికేషన్ దేనికి?

యార్డు_లెక్కలు
ఈ-నామ్ అమ్మకానికి. మాది దుకాణం సొంత ఖాతా: ఏ రైతుకు విత్తనాలకు ఎంత ఇచ్చారు, ఎంత తీరింది, చపాటా రకం మిర్చి ఎన్ని బస్తాలు, తేజ రకం ఎన్ని బస్తాలు కోల్డ్ స్టోరేజీలో ఆగాయి. ఇప్పుడు ఇదంతా ఎర్ర పుస్తకంలో ఉంది, ఆ పుస్తకం చదవగలిగేది యజమాని ఒక్కరే.

కాజీపేట_జంక్షన్
అంటే ఒక్కడికే అర్థమయ్యే పుస్తకం తీసేసి ఒక్కడికే అర్థమయ్యే ప్రోగ్రాం పెడుతున్నాం.

సకినాలు
జెండా పాట కాజీపేట అన్నదే. ఇంతకు మించి పలికేవాళ్లు ఉన్నారా?

ఎల్కతుర్తి_ఎక్స్‌రోడ్
తెలుగు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. రైతు పేర్లు, ఊర్ల పేర్లు తెలుగులోనే కావాలంటారు, ఖాయం.

డేటా వైపు ఇబ్బంది లేదు. ఫారోలో స్ట్రింగ్ తెలుగు అక్షరాలు పడగానే వైడ్‌స్ట్రింగ్‌గా మారుతుంది. జింక్ బ్రౌజర్‌కు యూటీఎఫ్-8లో పంపుతుంది, పోస్ట్‌గ్రెస్ కూడా అదే. ఇబ్బందంతా ఇమేజి లోపల. ఫారోతో వచ్చే కోడ్ ఫాంటులో తెలుగు లేదు, ఇన్‌స్పెక్టర్లో రైతు పేరు తెరిస్తే డబ్బాలు కనబడతాయి. డేటా చెడిపోయిందని కంగారు పడకండి, బ్రౌజర్లో చూసి నిర్ణయించుకోండి.

రెండోది, పొడవు. "వరంగల్" అన్న మాటకు సైజు అడిగితే 6 వస్తుంది, సున్నా ఒకటి, చివరి పొల్లు ఒకటి విడిగా లెక్కపడతాయి కాబట్టి. పేరు పొడవైతే పన్నెండు దగ్గర కోసేద్దామని రాస్తే ఒత్తు తెగి పొల్లు వేలాడుతుంది. కోత పని సీఎస్‌ఎస్‌కు వదిలేయండి.

ముద్రణకు కూడా అదే మాట. పీడీఎఫ్ కోసం ఆర్టిఫాక్ట్ ఉంది, కానీ తెలుగు తక్‌పట్టీకి హెచ్‌టీఎంఎల్ పేజీ, ముద్రణకు వేరే సీఎస్‌ఎస్, బ్రౌజర్ ప్రింటు, ఈ దారే నమ్మకం. ఒత్తులు కలపడం బ్రౌజర్‌కు వచ్చు.

మానేరు_తీరం
ఎల్కతుర్తి గారి మాటకు ఒక చేర్పు: పేర్ల వరుస. యూనికోడ్ సంఖ్యల ప్రకారం పేర్చితే దాదాపు మన వర్ణమాల క్రమమే వస్తుంది, కానీ సున్నా అచ్చుల కంటే ముందుంది, ళ వచ్చి ల పక్కనే కూర్చుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఐసీయూ కొలేషన్ (భాషను బట్టి వరుస పెట్టే నియమాలు) పెట్టి అక్కడే పేర్చుకోండి.

గోదావరిఖని_షిఫ్ట్
అంబర్ గానీ ఫారోజేఎస్ గానీ ఎవరూ అనలేదే? బ్రౌజర్లో కూడా స్మాల్‌టాకే రాయవచ్చు, రెండూ జావాస్క్రిప్ట్‌గా మారతాయి.

రామప్ప_ఇటుక
రాయవచ్చు, సరదాగా ఉంటుంది. ఈ దుకాణానికి ఆటో-కంప్లీట్ ఒకటి, వరుస చేర్చే బటన్ ఒకటి తప్ప బ్రౌజర్లో పనేముంది? సీసైడ్‌లో జేక్వెరీ పొర ఉంది, దానితో అయిపోతుంది.

మానేరు_తీరం
పది వరుసల జావాస్క్రిప్ట్ రాస్తే ఆ పొర కూడా అక్కర్లేదు. ఈ విషయంలో కూడా మీరూ నేనూ ఒప్పుకోం లెండి.

గోదావరిఖని_షిఫ్ట్
సరే. అయితే సర్వర్ ఎక్కడ పెడతావు తమ్ముడూ? ఫారో ఏఆర్ఎం మీద కూడా నడుస్తుంది, రాస్ప్‌బెర్రీ పై కొని దుకాణంలోనే పెట్టెయ్యి. ఇంటర్నెట్ పోయినా కౌంటర్ ఆగదు. నాకు రాత్రి షిఫ్టు, మళ్లీ రేపు చూస్తాను.

ఓరుగల్లు_కోడర్
మిర్చి ఘాటు, దుమ్ము, ఎండ, వాటి మధ్య పై బోర్డు, అందులో మెమరీ కార్డు... నాకు నిద్ర పట్టదు. చిన్న లినక్స్ సర్వర్ అద్దెకు తీసుకోవడం మేలు. ఎక్కడ పెట్టినా ఇవి మరవకు.

ముందు ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్, వెనుక ఫారో. సర్టిఫికెట్, హెచ్‌టీటీపీఎస్, సీఎస్‌ఎస్, బొమ్మలు ఎన్‌జిన్ఎక్స్ చూసుకుంటుంది. జింక్ పోర్టు బయటి ప్రపంచానికి తెరవకు. ఫారోను తెర లేకుండా, సిస్టమ్‌డీ సేవగా నడుపు, పడిపోతే అదే లేపుతుంది.

సీసైడ్ అయితే కాన్ఫిగ్ పేజీ, బ్రౌజర్లోనే కోడ్ చూపించే పనిముట్లు, కింద కనబడే డెవలపర్ పట్టీ అన్నీ తీసేసిన తర్వాతే బయట పెట్టు. అభివృద్ధి దశలో అవి వరం. బయట ఉంచితే ఎవరైనా నీ ఇమేజిలోకి నడిచి రావచ్చు.

డీబగ్గర్ గురించి ఇటుక అన్న చెప్పినది నీ కంప్యూటర్లో నిజం. సర్వర్లో తెర ఉండదు కదా. అక్కడ తప్పు జరిగినప్పుడు ఆ స్టాక్‌ను ఫ్యూయెల్ (ఆబ్జెక్టులను ఫైలులో దాచే లైబ్రరీ) ఫైలుగా రాయించుకుని, ఇంటికి తెచ్చి నీ ఇమేజిలో డీబగ్గర్‌గా తెరువు.

బండ్_మీద_వాకింగ్
ఫారో ఒకే కోర్ వాడుతుందని కూడా చెప్పండి, తర్వాత మమ్మల్ని అనకుండా.

ఓరుగల్లు_కోడర్
వాడేది నలుగురు. ఆ చర్చ వేరే దారంలో.

యార్డు_లెక్కలు
అన్నీ చదివాను. యజమానితో కూడా మాట్లాడాను. ఇలా అనుకుంటున్నాను: కౌంటర్ మీద తక్‌పట్టీ పని సీసైడ్‌లో, సెషన్ కీ కుకీలో. ఫోన్లలో చూసే బాకీల పేజీ, బస్తాల పేజీ టీపాట్‌లో, అవి చూడటానికే, మార్చడానికి కాదు. రెండూ ఒకే ఇమేజిలో వేర్వేరు పోర్టుల మీద. లెక్కలన్నీ పోస్ట్‌గ్రెస్‌లో, పీ3తో. పైసల రౌండింగ్ మనుమడు అన్న చెప్పినట్టే.

రామప్ప_ఇటుక
రెండు సంసారాలే అయ్యాయి. సరే, పెద్ద సంసారం నాదే.

మానేరు_తీరం
ఆర్నెల్లలో యజమాని ఫోన్లోనే తక్‌పట్టీ వేయాలంటాడు. అప్పుడు సీసైడ్ భాగం మళ్లీ రాస్తావు. అప్పుడు పలకరించు. అప్పటిదాకా లెక్క చేసే మెథడ్లను కాంపొనెంట్లలో కలపకుండా వేరే ప్యాకేజీలో ఉంచు, పరీక్షలు కూడా దానికే రాయి.

ఎల్కతుర్తి_ఎక్స్‌రోడ్
ఇంకొకటి. బేస్‌లైన్లో (కావలసిన ప్యాకేజీల జాబితా) సీసైడ్, టీపాట్, పీ3 మూడింటికీ ఏ వెర్షనో కచ్చితంగా రాసి పెట్టు. మాస్టర్ కొమ్మను లాగేలా వదిలేస్తే, కొత్త ఇమేజి కట్టిన రోజు ఏది మారిందో తెలియక తల పట్టుకోవాలి. పాత పాఠాల్లో స్మాల్‌టాక్‌హబ్ లింకులు కనబడితే వదిలేసి గిట్‌హబ్‌లో వెతుకు.

కాజీపేట_జంక్షన్
అంతా బాగుంది. నా ప్రశ్నకు జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. నువ్వు వెళ్లిపోతే?

యార్డు_లెక్కలు
యజమాని కూడా అదే అడిగారు అన్నా. ఒప్పందంలో రెండు రాశాను. రోజూ రాత్రి అన్ని పట్టికలూ సీఎస్‌వీ ఫైళ్లుగా ఆయన కంప్యూటర్లోకి వస్తాయి. ప్రతి గడిలో ఏముందో తెలుగులో రాసిన కాగితం ఆయన దగ్గర ఉంటుంది. నా ప్రోగ్రాం పారేసి మీ గల్లీ పైథాన్ కుర్రాడిని పెట్టుకున్నా లెక్క ఎక్కడికీ పోదు.

కాజీపేట_జంక్షన్
ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే నేను మాట్లాడేవాడినే కాదు.

సకినాలు
మాట్లాడేవాడివే.

మానేరు_తీరం
ఆ సీఎస్‌వీ ఫైలు మొదట్లో బామ్ గుర్తు (ఇది యూటీఎఫ్-8 అని ఎక్సెల్‌కు చెప్పేది) రాయించు. లేకుంటే ఆయన ఎక్సెల్‌లో తెరిచినప్పుడు తెలుగు పేర్లన్నీ పిచ్చి గీతలుగా కనబడతాయి, రాత్రి పదకొండుకు నీకే ఫోను వస్తుంది.